ఆగిన వాచీలో విరిగిందేమీ లేదు

బాపు పోయిన ఏడాదికి బీరువా సర్దుతుంటే, పట్టాదారు పాసు పుస్తకాల కింద రుమాలులో చుట్టిపెట్టిన వాచీ దొరికింది. హెచ్‌ఎంటీ జనత. పెండ్లిలో అమ్మమ్మవాళ్లు పెట్టినది. బోధన్‌లో, షక్కర్‌నగర్ చక్కెర మిల్లుకు షిఫ్టు డ్యూటీకి పోయినన్నాళ్లూ ఆయన ఎడమ చేతికి అదే ఉండేది. ఇప్పుడు అద్దం నిండా గీతలు, డయల్ అంచున చెమ్మ మరకలు. చావి తిప్పితే నాలుగైదు చుట్లు తిరిగి బిగుసుకుంది. సెకండ్ల ముల్లు మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు.

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో పాత వాచీలు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడంటే పట్టుకుపోయాను. బీరువా అంత దుకాణం. గాజు పెట్టె వెనక ఒక స్టూలు, ఒక బల్ల దీపం. అందరూ ఆయనను చాచా అంటారు. ఐగ్లాసు కంటికి బిగించి, వెనక మూత లేపి, అర నిమిషం చూశాడు.

‘చాచా, మళ్ల నడుస్తదా ఇది?’

‘ఎందుకు నడువది బేటా? ఏం ఇరగలే. నూనె ఎండింది, గంతే.’

నాకు నమ్మబుద్ధి కాలేదు. సెల్‌ఫోన్ ఆగిందంటే లోపల ఏదో ఒకటి చెడిపోయినట్టే లెక్క. చావి వాచీ సంగతి వేరు. అందులో ఏదీ విరగకపోయినా, ఏదీ పూర్తిగా అరగకపోయినా, రవ్వంత జిడ్డు గట్టిపడితే చాలు, మొత్తం ఆగిపోతుంది. ఎందుకు ఆగుతుందో తెలియాలంటే అసలు ఎందుకు నడుస్తుందో ముందు తెలియాలి.

గిన్నె మునిగే కాలం

గడియారం అన్న మాటకు మూలం ఘటికా యంత్రం. అడుగున సన్నని రంధ్రం ఉన్న గిన్నెను నీళ్ల మీద వదిలేవాళ్లు. అది నిండి మునగడానికి పట్టే కాలం ఒక గడియ, అంటే 24 నిమిషాలు. రోజుకు 60 గడియలు, గడియకు 60 విగడియలు. పంచాంగం చూసేవాళ్లకు ఈ లెక్క ఇప్పటికీ నోటికి వచ్చు. బాపు వాచీ సెకనుకు ఐదుసార్లు టిక్కుమనే రకం. అంటే విగడియకు 120 టిక్కులు, గడియకు 7,200. రోజుకు 4,32,000. ఏడాది పొడుగునా నడిస్తే 15 కోట్ల 76 లక్షల పైచిలుకు.

ఇన్ని కోట్ల టిక్కులూ ఒకే ఎడంలో పడాలి. అందుకు వాచీలో నాలుగు పనులు జరుగుతాయి.

మొదటిది బలం. చావి తిప్పినప్పుడు బ్యారెల్ అనే చిన్న డబ్బీలో ఉక్కు పట్టీ ఒకటి చుట్ట చుట్టుకుంటుంది. అదే మెయిన్ స్ప్రింగు. చుట్టుకున్న పట్టీ విప్పుకోవాలని చూస్తుంది. ఆ ఒత్తిడే వాచీకి తిండి. నిండా చావి ఇస్తే ఒకటిన్నర రోజు దాకా సరిపోతుంది.

రెండోది లెక్క. బ్యారెల్ ఒక చుట్టు తిరగడానికి గంటలు పడుతుంది. దాని పళ్లు పక్క చక్రాన్ని, అది దాని పక్క చక్రాన్ని తిప్పుతూ పోతాయి. నిమిషాల ముల్లును నడిపే చక్రం గంటకు ఒక చుట్టు, సెకండ్ల ముల్లును మోసేది నిమిషానికి ఒక చుట్టు. వరసలో చివరిది ఎస్కేప్ చక్రం, ఆరు సెకన్లకే ఒక చుట్టు. వేగం పెరిగినకొద్దీ బలం తగ్గుతుంది. సైకిల్ గేరు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. బ్యారెల్ దగ్గర వేలికి తెలిసేంత ఒత్తిడి ఉంటే, ఎస్కేప్ చక్రం దగ్గరికి వచ్చేసరికి ఊదితే ఆగేంత మిగులుతుంది.

మూడోది అడ్డుకట్ట. అడ్డు లేకపోతే స్ప్రింగు క్షణాల్లో విప్పుకుని ముళ్లు గిర్రున తిరిగిపోతాయి. ఆ అడ్డు లివరు. లంగరు ఆకారంలో ఉండే దాని రెండు చేతులకూ రెండు కెంపు ముక్కలు అతికించి ఉంటాయి. ఒక కెంపు ఎస్కేప్ చక్రం పన్నును ఆపుతుంది, రెండోది వదులుతుంది. మనకు వినబడే టిక్కు, పన్ను వచ్చి రాయికి కొట్టుకున్న చప్పుడే. చక్రానికి 15 పళ్లు, పన్నుకు రెండు టిక్కులు. చుట్టుకు 30 టిక్కులు. సెకనుకు ఐదు చొప్పున ఆరు సెకన్లు. లెక్క సరిపోయింది కదా.

నాలుగోది లయ. లివరు ఎప్పుడు వదలాలో చెప్పేది బ్యాలెన్స్ చక్రం. దానికి వెంట్రుక లాంటి చుట్టల స్ప్రింగు, హెయిర్ స్ప్రింగు, కట్టి ఉంటుంది. చక్రం ఒకవైపు తిరిగితే స్ప్రింగు వెనక్కి లాగుతుంది, వెనక్కి వచ్చి ఆగలేక అవతలి వైపు పోతుంది. ఊయల ఎంత పెద్దగా ఊగినా, చిన్నగా ఊగినా ఒక ఊపుకు పట్టే కాలం ఇంచుమించు ఒకటే. ఇక్కడా అదే సూత్రం. ఊయలను భూమి లాగుతుంది, చక్రాన్ని స్ప్రింగు లాగుతుంది. తేడా అంతే. లోలకం గడియారాన్ని 1656లో రూపొందించిన డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్, లోలకం మనిషి ఒంటి మీద పనికిరాదని తెలిసి 1675లో ఈ చుట్టల స్ప్రింగును తెచ్చాడు. జేబులో వేసుకున్నా, తలకిందులు చేసినా లయ తప్పనిది అప్పుడు చేతికి అందింది. లివరు పద్ధతి 1750ల్లో ఇంగ్లండ్‌కు చెందిన థామస్ మడ్జ్‌ది. బాపు వాచీలో ఉన్నది ఆ ఇద్దరి ఆలోచనే.

ప్రతి టిక్కుకూ లివరు బ్యాలెన్స్ చక్రాన్ని ఒక్క పిసరు నెడుతుంది. ఊయలలో పిల్లను ఊపే తల్లి చెయ్యి లాంటిది ఆ తోపు. రాపిడిలో పోయినంత బలం ఆ తోపుతో తిరిగి వస్తున్నంత కాలం ఊపు నిలుస్తుంది. రాపిడి పెరిగితే ఊపు చిన్నదవుతుంది. ఒకరోజు లివరును దాటించేంత ఊపు కూడా మిగలదు. అప్పుడు వాచీ ఆగుతుంది. విరిగింది ఏమీ ఉండదు.

చెరుకు కాలం

మా వైపు చేతి వాచీ సోకు కోసం వచ్చింది కాదు. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931కి పూర్తిచేసిన నిజాంసాగర్ నీళ్లతో బోధన్ చుట్టూ చెరుకు పెరిగింది. 1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ పుట్టింది. ఆసియాలోనే పెద్దదిగా పేరుపడింది. చెరుకు కోసిన 24 గంటల్లోపు గానుగకు చేరాలి. ఆలస్యమైతే గడలోని చక్కెర విడిపోయి దిగుబడి తగ్గుతుంది. కాబట్టి సీజన్ మొదలైతే మిల్లు రాత్రీపగలూ నడవాల్సిందే. మనుషులు మూడు షిఫ్టులుగా మారాల్సిందే. పొద్దును చూసి పొలం పోయే మనిషికి వాచీతో పని లేదు. రాత్రి పన్నెండు దాటాక డ్యూటీ ఎక్కే మనిషికి ఉంది.

ఆ రోజుల్లో చేతికి ఎక్కేవి ఎక్కువగా స్విట్జర్లాండ్ సరుకు. వెస్టెండ్, ఫావర్ లూబా. జీతగాడికి అందేవి కావు. 1961లో బెంగళూరులో హెచ్‌ఎంటీ, జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సాంకేతిక సాయంతో వాచీలు చేయడం మొదలుపెట్టింది. తొలి వాచీలను ప్రధాని నెహ్రూ విడుదల చేశారు. జనత, పైలట్, కోహినూర్, జవాన్, కాంచన్ అంటూ వరసగా వచ్చాయి. పెండ్లికొడుకు అడిగే మూడింట్లో, సైకిల్, రేడియోలతో పాటు వాచీ చేరింది. 1980ల్లో మన హైదరాబాద్ ఆల్విన్ కూడా జపాన్ సీకోతో కలిసి వాచీలు చేసింది. గల్ఫ్‌కు పోయినవాళ్లు సీకో ఫైవులు, సిటిజన్ ఆటోమేటిక్‌లు తెచ్చారు. ఆర్మూర్, బోధన్, నిజామాబాద్ ఇండ్లలో ఇప్పుడు బీరువాల అడుగున పడుకున్నవి ఇవే.

ఇంకో సంగతి. బోధన్ మిల్లు 2015 డిసెంబరులో మూతపడింది. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం 2016 జనవరిలో నిర్ణయించింది. బాపు పనిచేసిన చోటు, బాపు చేతికి కట్టుకున్న పేరు, రెండూ నెల తిరగకుండా పోయాయి. వాచీ ఒక్కటే మిగిలింది.

మిషన్ బయటికి వచ్చే దారి

దుకాణాల్లో వాచీ లోపలి యంత్రాన్ని మిషన్ అంటారు. దాన్ని డబ్బాలోంచి తీయడం చూడటానికి తేలిక. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా పాడుచేసేదీ అక్కడే.

చాచా వెనక మూతను అంచున ఉన్న చిన్న గాడిలో కత్తి మొన పెట్టి లేపాడు. చావిని ఒక మెట్టు బయటికి లాగాడు, ముళ్లు తిప్పేటప్పుడు లాగినట్టు. చావికి గుచ్చి ఉన్న సన్నని ఉక్కు రాడ్డును లోపల ఒక చిన్న మీట పట్టుకుని ఉంటుంది. ఆ మీటకు ఒక స్క్రూ. దాన్ని ఒక చుట్టు మాత్రమే వదులు చేయాలి. పూర్తిగా విప్పితే డయల్ అడుగున ఆ మీట జారిపోతుంది. ఇక డయల్ తీసి, చావి పని చేయించే సరంజామా అంతా మళ్లీ పేర్చుకోవాల్సిందే. ఒక చుట్టు తిప్పి, రాడ్డును మెల్లగా లాగితే వచ్చేసింది. మిషన్‌ను పట్టుకున్న రెండు స్క్రూలు తీసి, డబ్బాను అరచేతిలో బోర్లించాడు. డయల్, ముళ్లతో సహా మిషన్ చేతిలో పడింది. పాత పది పైసల బిళ్ల అంత.

తర్వాత ఆయన చేసిన పని నాకు ముందు అర్థం కాలేదు. రాడ్డును మళ్లీ గుచ్చి, చావిని వేళ్లతో పట్టుకుని, మరో చేత్తో బ్యారెల్ పక్కనున్న చిన్న కొక్కాన్ని పుల్లతో తప్పించాడు. చావి వేళ్ల మధ్య వెనక్కి జారడం మొదలైంది. స్ప్రింగులో ఉన్న బలాన్ని వదిలేస్తున్నాడు. నేను ఇంట్లో ఇచ్చిన నాలుగైదు చుట్ల చావి అది. ఆ బలం అట్లాగే ఉండగా లివరు తీస్తే అడ్డు పోయి చక్రాలన్నీ ఒక్కసారి గిర్రున తిరుగుతాయి. పళ్లు ఊడతాయి, ఇరుసులు వంగుతాయి. ‘ముందుగాల్ల దాని కోపం దించాలె’ అన్నాడు.

గంటల, నిమిషాల ముళ్లను పన్నెండు మీదికి తెచ్చి, డయల్ మీద పాలిథిన్ ముక్క పరిచి, ముళ్లు మూడింటినీ రెండు మీటలతో ఒకేసారి పైకి లేపాడు. డయల్‌కు అడుగున రెండు కాళ్లుంటాయి. వాటిని పక్క నుంచి బిగించిన రెండు స్క్రూలు వదులు చేస్తే అదీ వచ్చింది. ఇప్పుడు బ్యాలెన్స్. దాని పైకప్పు స్క్రూ విప్పి, పట్టకారుతో ఎత్తితే, హెయిర్ స్ప్రింగు చివర చక్రం బావిలో చేద వేలాడినట్టు వేలాడుతూ వచ్చింది. స్ప్రింగు సాగిందంటే, చుట్టలు ఒకదాన్నొకటి తాకాయంటే, ఆ వాచీ మళ్లీ సరైన టైము చూపదు. చాచా ఊపిరి బిగబట్టింది అక్కడ ఒక్కచోటే.

లివరు, చక్రాల మీది కప్పు, చక్రాలు, బ్యారెల్ ఒక్కొక్కటే వచ్చి గాజు పళ్లెంలో చేరాయి. మధ్యలో ఒక స్క్రూను ఆయన అందరూ విప్పే దిక్కుకు కాక, ఎదురు దిక్కుకు తిప్పాడు. చావి నుంచి బ్యారెల్‌కు బలం చేరవేసే చక్రం స్క్రూ అది. చాలా వాచీల్లో దాని మర ఎడమ చేతి వాటం. చావి తిప్పే కొద్దీ చక్రం తిరిగే దిక్కుకు స్క్రూ ఊడిరాకుండా ఆ ఏర్పాటు. తెలియక మామూలుగా విప్పబోతే అది ఇంకా బిగిసి, తల తెగుతుంది.

17 రాళ్లు ఎక్కడున్నాయి

డయల్ మీద ‘17 జ్యువెల్స్’ అని ఉంటుంది. చిన్నప్పుడు ఆ 17 రాళ్ల కోసం డయల్ అంతా వెతికినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అవి లోపల ఉంటాయి, నగలో పొదగడానికి కాదు, ఇరుసుకు ఇల్లు కావడానికి.

మధ్య చక్రం, మూడో చక్రం, సెకండ్ల చక్రం, ఎస్కేప్ చక్రం, లివరు. ఈ ఐదింటి ఇరుసులకూ పైన ఒకటి, కింద ఒకటి చొప్పున 10 రంధ్రాల రాళ్లు. లివరు చేతులకు 2. బ్యాలెన్స్ చక్రం ఇరుసుకు రెండువైపులా రంధ్రపు రాయి, దాని మీద మూత రాయి, మొత్తం 4. లివరును తోసే చిన్న పుల్ల లాంటి రాయి 1. కూడితే 17. చావి వాచీకి అవసరమైన చోటల్లా రాయి ఉంది, ఎక్కువ లేదు, తక్కువ లేదు అని ఆ అంకె అర్థం.

ఇవి కృత్రిమ కెంపులు. అల్యూమినియం ఆక్సైడ్ పొడికి కొద్దిగా క్రోమియం కలిపి మంటలో కరిగించి కెంపును పెంచే పద్ధతిని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆగస్త్ వెర్నుయిల్ 1902లో వెల్లడించాడు. రాళ్లు చవకయ్యాయి, వాచీలు చవకయ్యాయి. కెంపు వజ్రం తర్వాతంత గట్టిది, అద్దంలా నునుపు. ఉక్కు ఇరుసు దానిలో తిరిగితే రాపిడి చాలా తక్కువ. బ్యాలెన్స్ ఇరుసు మొన మిల్లీమీటరులో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా సన్నం. మన తల వెంట్రుక అంత. వాచీ కింద పడితే ముందు విరిగేది అదే. అందుకే దాని రాళ్లను బిగించకుండా సన్నని స్ప్రింగు కింద కూర్చోబెడతారు. దెబ్బ తగిలితే రాయి కదిలి, తిరిగి చోటికి వస్తుంది. డయల్ మీది ‘పారా షాక్’ అన్న మాట దాని పేరే. సిటిజన్ 1956లో దాన్ని తెచ్చినప్పుడు వాచీలను హెలికాప్టర్ నుంచి కింద పడేసి జనానికి చూపించింది.

కడగడం, లక్క దగ్గర జాగ్రత్త

పళ్లెంలో పడ్డ భాగాలను ఐగ్లాసులో నాకూ చూపించాడు. ఇరుసుల చుట్టూ గోధుమ రంగు జిగురు. ఒకప్పటి నూనె. గాలి తగిలి, దుమ్ము కలిసి, ఏండ్లు గడిచి అది బంకగా మారుతుంది. అందులో చిక్కిన దుమ్ము రేణువు ఇరుసును సానరాయిలా అరగదీస్తుంది. ఎండిన నూనెతోనే వాచీని నడిపించడం ఆగిన వాచీని దాచడం కన్నా ఎక్కువ హాని. ఆగింది అరగదు. నడుస్తున్నది అరుగుతూ ఉంటుంది.

కడిగేందుకు మన దుకాణాల్లో పెట్రోలు వాడటం పాత అలవాటు. జిడ్డును కరిగిస్తుంది, తుప్పు పట్టించదు. మంట అంటుకునే వస్తువు కాబట్టి ఇంట్లో ప్రయత్నించవద్దు. ఇప్పుడు దానికోసమే చేసిన ద్రావణాలు, కంపనంతో కడిగే యంత్రాలు వచ్చాయి. ఏది వాడినా రాళ్ల రంధ్రాలు చేత్తో శుభ్రం చేయాల్సిందే. చాచా వెదురు పుల్లను సూదిలా చెక్కి, ఒక్కో రంధ్రంలో పెట్టి తిప్పి, మొన నల్లబడితే మళ్లీ చెక్కి, మళ్లీ తిప్పాడు. పుల్ల తెల్లగా బయటికి వచ్చేదాకా. ఒక రంధ్రానికి ఐదుసార్లు చెక్కడం లెక్కపెట్టాను.

లివరును మాత్రం వేరుగా పెట్టాడు. దాని రెండు కెంపులూ అతికి ఉన్నది లక్కతో. మోదుగ, రేగు చెట్ల మీద బతికే పురుగు ఊరించే అదే లక్క. హైదరాబాద్ లాడ్ బజార్ గాజులకు వాడేది, స్విస్ వాచీ లివరుకు వాడేది ఒకే సరుకు. వేడికి మెత్తబడుతుంది కాబట్టి రాయిని వెంట్రుకవాసి జరిపి సరిచేయవచ్చు. చల్లారితే కదలదు. అయితే స్పిరిట్‌లో కరిగిపోతుంది. లివరును స్పిరిట్‌లో నానబెట్టినవాడికి రాళ్లు గిన్నె అడుగున దొరుకుతాయి.

నూనె చుక్క లెక్క

అన్నింటికన్నా నేర్పు ఇక్కడే. సన్నని సూది మొనను చదును చేసి, నూనెలో ముంచి, రాయికి తాకిస్తారు. రాయి పై ముఖం చిన్న గిన్నెలా లోతుగా ఉంటుంది. ఆ గిన్నెలో సగం నిండితే చాలు. తక్కువైతే తొందరగా ఎండుతుంది. ఎక్కువైతే ఇరుసు వెంట పాకి బయటికి పోతుంది, పోతూ పోతూ రంధ్రంలోని నూనెనూ లాక్కుపోతుంది. వస్త్రం నీళ్లు పీల్చినట్టు, సన్నని సందు నూనెను తనలో పట్టి ఉంచుతుంది. గిన్నె ఆకారం వెనక ఉన్న విజ్ఞానం ఇదే. కొబ్బరి నూనె చుక్క, కుట్టుమిషన్ నూనె చుక్క వేసి వాచీని పాడుచేసుకున్నవాళ్లు మన ఊళ్లలో తక్కువేం లేరు.

అన్ని చోట్లా ఒకటే నూనె కాదు. మెల్లగా, బరువుగా తిరిగే బ్యారెల్‌కు చిక్కటిది. వేగంగా, తేలికగా తిరిగే ఎస్కేప్ చక్రానికి పలచటిది. లివరు కెంపుల ముఖాలకు జారిపోని గ్రీజు. చక్రాల పళ్లకు అసలు ఏమీ వద్దు. లివరు ఇరుసులకూ వద్దు. అవి తిరగవు, అటూ ఇటూ కదులుతాయి. అక్కడ నూనె వేస్తే దాని జిగటే అడ్డం పడుతుంది. ఎక్కడ వేయకూడదో తెలియడం ఈ విద్యలో సగం.

ఆ క్షణం

కూర్చడం విప్పిన వరసకు ఎదురు. చక్రాలు నాలుగూ వాటి రాళ్లలో కూర్చోవాలి. పైకప్పు పెట్టి స్క్రూ బిగించే ముందు ఒక్కో ఇరుసూ రంధ్రంలో పడిందో లేదో చూడాలి. పడకముందే బిగిస్తే ఇరుసు విరిగిపోతుంది. అందుకే చాచా ముందు కప్పును వేలితో తడుముతూ, చక్రాన్ని పుల్లతో మెల్లగా కదిపాడు. తర్వాత నోటితో ఊదాడు. వరస మొత్తం తిరిగి, మెల్లగా ఆగింది. ఆగేటప్పుడు కొంచెం వెనక్కి కూడా తిరిగింది. ‘మంచిగ అయింది’ అన్నాడు. ఎక్కడైనా రాపిడి ఉంటే ఆ వెనకడుగు కనబడదు.

లివరు పెట్టి, చావి రెండు చుట్లు ఇచ్చి, పుల్లతో తాకితే అది టక్కున అవతలి వైపు పడింది. బలం చివరిదాకా చేరుతోందన్నమాట. చివరికి బ్యాలెన్స్‌ను దించాడు. ఇరుసు మొన కింది రాయిలో దిగింది. దిగీ దిగగానే, ఎవరూ కదపకుండానే, చక్రం ఊగడం మొదలుపెట్టింది. స్క్రూ ఇంకా బిగించలేదు. గుండుసూది తల కన్నా చిన్న రాయి ఒకటి ఇన్నేండ్ల తర్వాత లివరును తోసింది. పక్కన చాయ్ తాగుతున్న కుర్రాడు కూడా గ్లాసు దించి చూశాడు.

నడవడం వేరు, సరిగ్గా నడవడం వేరు. ఇప్పుడు టిక్కులను మైకుతో విని, తెర మీద గీతగా చూపించే యంత్రాలున్నాయి. ఊపు ఎన్ని డిగ్రీలుందో, రోజుకు ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతుందో చెబుతాయి. బాగా ఉన్న వాచీ డయల్ పైకి పెట్టినప్పుడు 270 డిగ్రీలు, ఆ పైన ఊగాలి. 200 కిందికి దిగితే లోపల ఇంకా రాపిడి ఉన్నట్టు. తేడా చిన్నదైతే బ్యాలెన్స్ కప్పు మీదున్న చిన్న మీటను అటో ఇటో జరుపుతారు. అది హెయిర్ స్ప్రింగు పని చేసే పొడవును మారుస్తుంది. పొడవు తగ్గితే వాచీ ముందుకు, పెరిగితే వెనక్కి. రోజుకు 86,400 సెకన్లలో 30 సెకన్ల తేడా వచ్చినా ఆ వాచీ 99.96 శాతం సరిగ్గా ఉన్నట్టే. పాత చావి వాచీకి అది మంచి మార్కే.

ఎండ, అయస్కాంతం

మే నెలలో నిజామాబాద్ ఎండ 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. వేడికి ఉక్కు స్ప్రింగు పట్టు సడలుతుంది. మామూలు ఉక్కు హెయిర్ స్ప్రింగు, ఇత్తడి చక్రం ఉన్న వాచీ ఒక్క డిగ్రీ పెరిగితే రోజుకు సుమారు 11 సెకన్లు వెనకబడుతుంది. చలికాలపు 12 డిగ్రీల నుంచి వేసవి 45కు లెక్కేస్తే ఆరు నిమిషాలు. ఈ చిక్కును తీర్చింది స్విస్ భౌతిక శాస్త్రవేత్త షార్ల్ ఎద్వార్ గియోమ్. నికెలు కలిపిన ఉక్కులో వేడికి పెద్దగా మారని మిశ్రమాలను కనిపెట్టి 1920లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ దారిలో వచ్చిన మిశ్రమాల వల్లే తర్వాతి తరం వాచీలు మన ఎండకు తట్టుకున్నాయి.

అయస్కాంతం ఇప్పటి బెడద. స్పీకరు మీద, ఫోను కవరు అయస్కాంతం పక్కన వాచీ పెడితే హెయిర్ స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి. పని చేసే పొడవు తగ్గి వాచీ గంటకే నిమిషాలు ముందుకు పరిగెత్తుతుంది. అనుమానముంటే పిల్లల దిక్సూచిని వాచీ దగ్గర పెట్టి చూడండి. ముల్లు అటూ ఇటూ వణికితే అయస్కాంతం పట్టినట్టే. దుకాణంలో ఒక చిన్న కాయిల్ యంత్రం మీదుగా తీస్తే నిమిషంలో పోతుంది. దానికి మిషన్ విప్పక్కర్లేదు.

బీరువా తెరిచే ముందు

మీ ఇంట్లోనూ ఇట్లాంటిది ఒకటి ఉండే ఉంటుంది. దొరికిన వెంటనే ఆత్రంగా చావి ఇవ్వకండి. లోపల బంక ఉంటే నడిపించిన కొద్దీ ఇరుసులు అరుగుతాయి. ముందు సర్వీసింగు, తర్వాతే నడక. నడిచే వాచీని కూడా నాలుగైదేండ్లకోసారి కడిగించడం మంచిది. 1960ల కన్నా పాత వాచీ డయల్ మీద, ముళ్ల మీద చీకట్లో మెరిసే పూత ఉంటే గోటితో గీకకండి. అప్పట్లో ఆ పూతలో రేడియం వాడేవారు. మెరుపు పోయినా రేడియం పోదు. దాని బలం సగానికి తగ్గడానికే 1,600 ఏండ్లు పడుతుంది. మూత తీయకండి, పొడి ఊపిరిలోకి పోకూడదు.

డయల్‌కు కొత్త రంగు వేయిస్తామనేవాళ్లకు వద్దని చెప్పండి. హెచ్‌ఎంటీ మూతపడ్డాక గిరాకీ పెరిగి, వేర్వేరు వాచీల ముక్కలు కలిపి, డయల్‌కు రంగేసి ‘కొత్త పాత వాచీ’గా అమ్మేది ఎక్కువైంది. మీ తాత చేతి మీద చెమటకు మాసిన డయలే అసలైనది. విడిభాగాల కొరత ఉన్నా, హెచ్‌ఎంటీ చేసిన వాచీలు కోట్లలో ఉన్నాయి కాబట్టి ఒక వాచీ ముక్క ఇంకో వాచీకి దొరుకుతూనే ఉంది. కరువొస్తున్నది వాటిని విప్పి కూర్చే చేతులకు.

  నేను వాచీ తెచ్చుకునేటప్పుడు చాచా చెప్పింది ఒకటే. ‘రోజూ ఒక్క టైముకే చావి ఇయ్యి. బిగుసుకుందంటే ఆగు, బలవంతం చెయ్యకు.’ పొద్దున చాయ్ తర్వాత ఇస్తున్నాను. రోజుకు 20 సెకన్లు ముందుకు పోతోంది. మీ వాచీని కూడా చూపించండి, చూసే మనిషి ఆ స్టూలు మీద ఉన్నప్పుడే.